యూనిఫాం ఆరేదాకా

పోయిన వారం మా నర్సింగ్ కాలేజీకి పైనుంచి ఒక ప్రశ్నపత్రం వచ్చింది. పరీక్షది కాదు, పిల్లల మనసులు కొలిచేది. "భావోద్వేగ ప్రజ్ఞ, విద్యాపరమైన స్థైర్యం" అని పైన పెద్ద అక్షరాలు. కింద వరసగా వాక్యాలు, ఒక్కో వాక్యం పక్కన ఒకటి నుంచి ఐదు దాకా గళ్లు. ఇలాంటి కాగితాలంటే నాకు ఒళ్లు మండుతుంది. ఏడుపునూ పంతాన్నీ గళ్లలో పెట్టి టిక్కులు కొట్టమనేవాళ్లు, ఫలితాలొచ్చిన రోజు ఒక్కసారి ఆడపిల్లల హాస్టల్లో ఉండి చూడాలి. కానీ నేను ఆ కాలేజీలో పాఠాలు చెప్పి జీతం తీసుకుంటున్న మనిషిని. పంచమన్నారు, పంచాను.

రెండో సంవత్సరం క్లాసులో వెనక బెంచీ నుంచి ఒక పిల్ల చెయ్యెత్తింది. అశ్వారావుపేట వైపు పిల్ల. రెండు రోజుల కింద ఫలితాలొచ్చాయి, రెండు సబ్జెక్టుల్లో తప్పింది. కళ్లు ఇంకా ఉబ్బే ఉన్నాయి.

"మేడం, పద్నాలుగోది అర్థం కాలే. 'ఓటమి నుంచి నేను త్వరగా కోలుకుంటాను' అని ఉంది. త్వరగా అంటే ఎంతసేపు మేడం?"

క్లాసంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబుంది. యూనిఫాం ఆరేంతసేపు.

ఆ లెక్క నేర్పిన మనిషి పేరు ఇక్కడ రాయను. రాయలేదని ఆమె ఏమీ అనుకోదు, అసలు పేర్లతో ఆమెకు పనే లేదు. భద్రాచలంలో నేను నర్సింగ్ చదివేటప్పుడు హాస్టల్లో అందరినీ ఊళ్లతోనే పిలిచేది. నేను "వైరా". నా పక్క మంచం పిల్ల "కూసుమంచి". మాకు మందుల పాఠం చెప్పే మేడం కూడా వెనకాల "మధిర" అయిపోయింది. ఎందుకక్కా అంటే, "ఒక్క పేరు నలుగురికుంటది. ఊరు చెప్తే మనిషి యాదికొస్తది" అనేది. ఆమెది పర్ణశాల దాటి లోపలికి పోయాక, బస్సు ఆగిపోయిన చోటు నుంచి ఇంకా నడవాల్సిన కోయగూడెం. మా అందరికంటే పెద్దది. ముందు బ్యాచ్‌లో చేరి, పరీక్షలు తప్పి, మా బ్యాచ్‌లోకి వచ్చి పడింది. అందుకే మాకు అక్క.

వచ్చి పడింది అన్నాను గానీ, ఆమె వచ్చిన తీరు పడిపోయినట్టు ఉండేది కాదు. మొదటి రోజు క్లాసులోకి వచ్చి, ముందు బెంచీలో నా పక్కన కూర్చుని, "ఈ పాఠం నేను ఇన్నదే. మీకేమన్న అర్థం కాకుంటే అడగండ్రి" అంది. ఫెయిలై వచ్చిన మనిషి చెప్పాల్సిన మాటేనా అది? నాకు మహా చిరాకేసింది. నేనప్పుడు తెలివైన పిల్లను. వైరా కాలవ కింద పొలం, కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన ఇల్లు, చిన్నప్పటి నుంచీ ఇంగ్లిష్ మీడియం, ప్రతి పరీక్షలో మొదటి ర్యాంకు. ఆ తెలివే నాకు జబ్బు.

"పాపం, అడవి పిల్ల, ఇంగ్లిష్ ఎక్కదు" అని మా టీచర్లలో కొందరు ఆమె వినేట్టే అనేవాళ్లు. ఒకరోజు ఆమె లేచి నిలబడి, "పాపం అనేటోళ్లు జర పక్కకు జరుగుండ్రి మేడం, బోర్డు కనబడ్తలేదు" అంది. క్లాసు గుడ్లప్పగించి చూసింది. నిజానికి ఆ మేడం బోర్డుకు అడ్డంగానే నిలబడి ఉంది కాబట్టి తిట్టడానికీ వీల్లేకపోయింది.

ఇంగ్లిష్ ఆమెకు కష్టమే, కాదని ఎవరంటారు. పుస్తకంలో వాక్యాన్ని ముందు పైకి చదివేది. తర్వాత తెలుగులో చెప్పుకునేది. తర్వాత కళ్లు మూసుకుని కోయలో ఎవరితోనో మాట్లాడుతున్నట్టు గొణిగేది. "మీరు ఒక్కసారి మోస్తే అయిపోతది. నేను మూడుసార్లు మొయ్యాలె" అనేది. అందులో ఫిర్యాదేమీ ఉండేది కాదు. పరీక్షలో మాత్రం తిరుగు ప్రయాణం కూడా ఉండేది. కోయ నుంచి తెలుగు, తెలుగు నుంచి ఇంగ్లిష్. అక్కడికి చేరేసరికి గంట కొట్టేవాళ్లు.

ఫలితాలొచ్చిన రోజు ఆమెకొక పద్ధతి ఉండేది. ముందు మెస్‌కు పోయి కడుపునిండా తినేది. మిగతా ఫెయిలైన పిల్లలు మంచాల మీద బోర్లా పడి ఉంటే జబ్బ పట్టుకుని లేపుకొచ్చేది. "ఫెయిలైంది అనాటమీల. అన్నంల కాదు. లెవ్." పిల్లలు ఏడుస్తూనే తినేవాళ్లు. ఊరుకో అని ఆమె ఎవరితోనూ అనగా నేను వినలేదు. తిన్నాక యూనిఫాం విప్పి, సబ్బు పెట్టి, మేడ మీద తీగ మీద ఆరేసి, నీళ్ల ట్యాంకు కింద కూర్చుని తను ఏడ్చేది. చీదుతూ, ముక్కు తుడుచుకుంటూ, ఎవరైనా వస్తే మొహం దాచుకోకుండా ఏడ్చేది. యూనిఫాం ఆరగానే లేచి, అది తొడుక్కుని డ్యూటీకి పోయేది.

"గంతేనా అక్కా?" అని ఒకసారి అడిగాను.

"గంతే. బట్టలారినంక కూడ ఏడిస్తే డ్యూటీకి ఎవరు పోతరు? ఎండకాలంల ఫెయిలైతే మంచిది. అర్ధగంటల ఆరుతయ్. వానకాలంల ఫెయిలైతేనే తిప్పలు."

భద్రాచలం ఎండలో బట్టలు ఎంతసేపట్లో ఆరుతాయో ఎరిగినవాళ్లకు ఆ మాట అర్థమవుతుంది. ఆమె ఆ మాట నవ్వుతూ అనలేదు. లెక్కగా చెప్పింది.

వార్డులో ఆమె వేరే మనిషి. రోగి దగ్గరకు పోగానే ఎక్కడో మూలనున్న స్టూలు ఈడ్చుకొచ్చి కూర్చునేది. చేతులు రెండూ రుద్ది వేడి చేసుకుని అప్పుడు నాడి పట్టేది. వార్డు సిస్టర్‌కు ఇది గిట్టేది కాదు. "నర్సు నిలబడి పనిచెయ్యాలె. పెండ్లికొచ్చినట్టు కూసుంటవేంది?" అని కసిరేది.

"నిలబడి అడిగితే ఫారెస్టోళ్లు అడిగినట్టుంటది సిస్టర్. మావోళ్లు భయానికి లేనిది కూడ అవ్ అంటరు."

ఆ మాట అప్పుడు నేను పక్కనే ఉండి విన్నాను. విని, నోట్సులో రాసుకునేంత ముఖ్యం కాదనుకున్నాను.

ఇంకొకటి చెప్పాలి. మా చదువులో ఒక నియమం ఉంది. రోగి ఛార్టులో తప్పు రాస్తే చెరపకూడదు, తెల్లరంగు పుయ్యకూడదు, కాగితం చింపకూడదు. తప్పు మీద ఒక్క గీత కొట్టాలి. కింద ఉన్నది చదవడానికి కనబడుతూనే ఉండాలి. పక్కన సరైనది రాసి సంతకం పెట్టాలి. మేమంతా దాన్ని రెండు మార్కుల ప్రశ్నగా బట్టీపట్టాం. ఆమెకు మాత్రం అది తెగ నచ్చింది. తన ఫెయిల్ మెమోలన్నిటినీ ట్రంకుపెట్టె మూత లోపలి వైపు అన్నం మెతుకులతో అంటించింది. ఒక్కోదాని మీద ఒక్క గీత, పక్కన తేదీ, సంతకం. పెట్టె తెరిచినప్పుడల్లా అవి ఎదురుగా కనబడేవి. సిగ్గనిపించదా అంటే, "కింద జాగ ఇడిచిన జూడు. పాసైనంక గాడ రాస్త" అంది.

ఆ జాగా దాదాపు ఖాళీగానే మిగిలిపోయేది. నా వల్ల.

మూడో సంవత్సరం ప్రాక్టికల్స్ నాటి మాట. వానలు ఇంకా వదల్లేదు. ఆమెది వెనకటి సంవత్సరం నుంచి మిగిలిపోయిన పరీక్ష, రాయడం మూడోసారి. ఈసారీ తప్పితే హాస్టల్ సీటు పోతుందని ఆఫీసులో చెప్పేశారు. సీటు పోతే చదువు పోయినట్టే. గూడెం నుంచి రోజూ వచ్చి పోయే దూరం కాదు. ఆ పొద్దున వార్డులో డ్యూటీ నాది, పరీక్ష ఆమెది. ఆమెకు ఇచ్చిన రోగి ఒక ముసలి కోయ అవ్వ. షుగరు, కాలికి పుండు. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ సార్ ముందు ఆ పుండుకు కట్టు కట్టి చూపించాలి.

పొద్దున ఆ అవ్వకు ఇన్సులిన్ ఇచ్చారు. తర్వాత కిచిడీ పెట్టారు. కాసేపటికి నేను పోయి చూస్తే ప్లేటు ఖాళీగా ఉంది. నిలబడే, చేతిలో ఛార్టుతో, "తిన్నవా అవ్వా?" అన్నాను. తల ఊపింది. "ఆహారం పూర్తిగా తీసుకున్నారు" అని శుభ్రమైన అక్షరాలతో రాసి సంతకం పెట్టి తర్వాతి మంచానికి పోయాను.

పరీక్ష మొదలైంది. ఆమె ట్రే సర్దుకుంది, గ్లవుజులు తొడుక్కుంది, కాలితో స్టూలు జరుపుకుని కూర్చుంది. ఎగ్జామినర్ సార్ కనుబొమ్మలు అప్పుడే పైకి లేచాయి. కట్టు విప్పబోయి ఆగింది. అవ్వ మొహంలోకి చూసింది. నుదుటి మీద చెమట. వాన పడుతున్న చల్లటి పొద్దున చెమటేమిటి? మెల్లగా కోయలో ఏదో అడిగింది. అవ్వ తడబడుతూ ఏదో చెప్పింది.

"ఏమిటా కబుర్లు? ప్రొసీజర్ చెయ్యమ్మా" అన్నాడు సార్.

"షుగర్ పడిపోతుంది సార్. అవ్వ పొద్దుగాల తినలే."

"ఛార్టు చూడకుండానే పేషెంట్ దగ్గరకు వచ్చావా?"

"చూసిన సార్. తిన్నదనే ఉంది. ప్లేటు ఖాళీ అయింది గని అవ్వ తినలే."

ఇంకో మాటకు ఆగలేదు. శుద్ధి చేసిన గ్లవుజులు అలాగే ఉన్న చేతులతో పోయి టీ టేబుల్ మీది చక్కెర డబ్బా అందుకుంది. సార్ "ఏయ్, ఏయ్" అంటూనే ఉన్నాడు. నీళ్లలో కలిపి, అవ్వను లేపి కూర్చోబెట్టి, గుక్క గుక్కగా తాగించింది. డాక్టర్ను పిలవమని నన్ను కేకేసింది. మిషను పెట్టి చూస్తే షుగరు ఉండాల్సిన దానికంటే బాగా కింద ఉంది. డాక్టర్ వచ్చి గ్లూకోజు ఎక్కించాడు. గంటలో అవ్వ తేరుకుంది.

తర్వాత తెలిసిందేమిటంటే, ఆ కిచిడీలో కొత్త చిక్కుడు గింజలున్నాయి. వాళ్ల గూడెంలో ఆ యేటి కొత్త కాయ ఏదైనా ముందు దేవతకు పెట్టి, కొత్తల పండుగ చేసుకున్నాకే నోట పెడతారు. ఊళ్లో పండుగ ఇంకా కాలేదు. తను ముందే తింటే ఊరికి కీడని అవ్వ భయం. తిననంటే సిస్టర్లు తిడతారని ఇంకో భయం. ప్లేటు తీసుకుపోయి వరండాలో కుక్కకు పెట్టి, ఖాళీ ప్లేటు మంచం పక్కన పెట్టుకుంది. నేను అడిగితే తల ఊపింది. ఫారెస్టోళ్లు అడిగినట్టు అడిగాను కదా మరి.

ఎగ్జామినర్ సార్ కట్టు పని సగంలో వదిలేసిందనే దగ్గరే ఆగిపోయాడు. చివరికి, "నాలుగింటికి ఆ ఛార్టు నా దగ్గరకు పంపండి. ఈ అమ్మాయి చెప్పినట్టు అందులో తప్పు ఉంటే రేపు ఇంకో అవకాశమిస్తాను. లేకపోతే సున్నా" అని పోయాడు.

వార్డు సిస్టర్ నన్ను పక్కకు పిలిచి కొత్త షీటు చేతిలో పెట్టింది. "పేషెంట్ ఆహారం నిరాకరించింది అని రాసెయ్. పాతది నాకియ్యి. మెడల్ వచ్చే పిల్లవు, ఒక్క లైనుకు రికార్డు పాడు చేసుకుంటవా? అవ్వకేం కాలే గదా."

అవ్వకేమీ కాలేదు. నాకేమీ కాదు. కొత్త షీటులో తప్పేమీ కనబడదు కాబట్టి అక్క ఒక్కతే అబద్ధాలకోరు అవుతుంది, ఆమె పరీక్ష పోతుంది, పెట్టె సర్దుకుని ఇంటికి పోతుంది. ఇదంతా నాకు ఆ క్షణమే అర్థమైంది. అయినా ఆ షీటు వద్దనలేదు. "అన్నం తిని వచ్చి రాస్తా సిస్టర్" అని మడిచి జేబులో పెట్టుకున్నాను. ఈ మాట రాయడానికి నాకు ఇప్పటికీ చేతులు రావు.

హాస్టల్ మేడ మీద ట్యాంకు కింద ఆమె ఏడుస్తూ కూర్చుని ఉంది. ఆమె యూనిఫాం తీగ మీద, పైన తుంపర. నన్ను చూసి ముక్కు తుడుచుకుంది.

"తిన్నవా వైరా?"

అంతే, నాకు భోరున ఏడుపొచ్చింది. షీటు తీసి చూపించాను. చదివి తిరిగిచ్చింది. తిట్టలేదు. "యూనిఫాం ఇప్పు" అంది. నేను నైటీ వేసుకుని వచ్చేలోపు బకెట్లో నానబెట్టింది. ఉతికి, పిండి, తన దాని పక్కనే ఆరేసింది. ఇద్దరం ట్యాంకు కింద కూర్చుని ఏడ్చాం. నేను నా మెడల్ కోసం ఏడ్చానో, సిగ్గుతో ఏడ్చానో నాకే తెలియదు.

"అవ్వకేం కాలే గదక్కా" అన్నాను చివరికి.

అప్పుడు చూశాను ఆమె కోపం. "నా కోసం పోమంటలే నిన్ను. నా పరీక్ష నేను బర్రెలు కాసుకుంటనన్న రాస్త, ఇంకో ఏడైనా రాస్త. గా కాగితంల ఏం రాయమన్నరు? నిరాకరించింది అని. అంటే అవ్వ మొండిది అని రాసినట్టు. రేపు ఇంకో డాక్టరొచ్చి చదివి మొండి ముసల్ది అంటడు. అవ్వ మొండిది కాదు వైరా. ఆమెను ఒక్కలు కూడ కూసొని అడగలే."

మూడున్నర అయింది. తీగ మీద రెండు యూనిఫాంల నుంచీ ఇంకా నీళ్లు కారుతున్నాయి. ఆమె లేచి నాది తీసి మళ్లీ ఒకసారి పిండి నా ఒళ్లో పడేసింది.

"ఇయ్యాల ఆరదు. తడిదే ఏసుకో. పో."

ఏసుకున్నాను. ఒళ్లంతా వణికింది. వార్డు దాకా నా వెనక తడి అడుగులు. సిస్టర్ నోరు తెరిచేలోపు ఛార్టు తీసుకుని, నేను రాసిన వాక్యం మీద ఒక్క గీత కొట్టాను. పక్కన రాశాను: "రోగి తినలేదు. నేను సరిగ్గా అడగలేదు." సంతకం పెట్టాను. తడి చేతి నుంచి ఒక చుక్క పడి సంతకం కొంచెం అలుక్కుంది. అలాగే పట్టుకుపోయి సార్ ముందు పెట్టాను.

ఆయన చదివి, నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. "వానలో నడిచొచ్చావా?"

"లేదు సార్. ఆరలేదు."

ఆయనకు అర్థమయ్యే మాట కాదది. కానీ మర్నాడు ఆమెకు అవకాశమిచ్చాడు. అదే అవ్వ, అదే పుండు, అదే స్టూలు. గట్టున పడేంత మార్కులే వేశాడు, కానీ గట్టున పడింది. ఆ పొద్దున అవ్వ ఉత్త గంజి తాగింది. వంటవాళ్లతో గొడవపడి అందులో ఏమీ కలపకుండా చేయించిందీ ఆమే.

తప్పు రాసినందుకు నాకు ఆఫీసు నుంచి మెమో వచ్చింది. మెడల్ ఇంకొకరికి పోయింది. చాలా కాలం మండింది, కాదనను. ఆమె మాత్రం ఓదార్చలేదు. ట్రంకుపెట్టె మూత తెరిచి, కింద విడిచిన జాగాలో తను పాసైన మెమో అంటించి, కలం నాకిచ్చింది. "నువ్వు కూడ పెట్టు సంతకం."

ఇప్పుడు ఆమె గోదావరి అవతల ఒక చిన్న దవాఖానాలో స్టాఫ్ నర్సు. ఫోన్ చేస్తే పదిసార్లకు ఒకసారి కలుస్తుంది. కలిసినా "ఏంది వైరా, తిన్నవా?" అని అడిగి, జవాబు వినేలోపు ఎవరో పిలిస్తే పెట్టేస్తుంది. స్థైర్యం గురించి మా కాలేజీలో మాట్లాడటానికి రమ్మని ఒకసారి పిలిచాను. "నేనొచ్చి ఏం చెప్పాలె? నాకు డ్యూటీ ఉంది" అంది.

నేను మాత్రం ఏటేటా ఈ కథ పిల్లలకు చెబుతూనే ఉన్నాను. ఛార్టు పాఠం వచ్చినప్పుడు, "ఒకసారి ఒక విద్యార్థిని, రోగిని అడగాల్సినట్టు అడగకుండా తప్పు రాసింది" అని మొదలుపెడతాను. ఒక విద్యార్థిని. ఎంత శుభ్రంగా ఉందో చూడండి. ఒకసారి గీత కొట్టి సంతకం పెట్టినదాన్ని, ఆ తర్వాత ఇన్నేళ్లూ ఆ సంతకం మీద తెల్లరంగు పూస్తూ వచ్చాను.

అందుకే పోయిన వారం, వెనక బెంచీ పిల్ల అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పడానికి స్టూలు తెచ్చుకుని ఆమె బెంచీ పక్కన కూర్చున్నాను. అక్క గురించి చెప్పాను. ఎండాకాలం లెక్క, వానాకాలం లెక్క చెప్పాను. చివరికి, "ఆ తప్పు రాసింది నేనే" అన్నాను. ఆ పిల్ల నన్ను సూటిగా చూసి, "తడిదే ఏసుకుని పోయిన్రా మేడం?" అంది.

"అవ్."

గంట కొట్టాక కాగితాలు పోగుచేశాను. ఆ పిల్లది అడుగున ఉంది. పద్నాలుగో వాక్యం దగ్గర ఒకటి, అంటే 'అస్సలు కాదు' అన్న గడిలో ముందే టిక్కు పెట్టి ఉంది. దాని మీద ఒక్క గీత. పక్కన, "ఇప్పుడు వానకాలం. టైం పడ్తది. డ్యూటీకైతే పోత" అని రాసి, కింద సంతకం పెట్టింది.

ఇలా రాసిన ఫారం లెక్కలోకి రాదన్నారు ఆఫీసులో. రాకపోతే పోయింది. తెచ్చి నా పెట్టె మూతకు అంటించాను.